ఏబీఎస్ లైటు వెలిగితే పంపు పోయినట్టేనా? పాత స్పోర్ట్స్ కారులో బ్రేకుల లోపం పట్టుకునే పద్ధతి

పోయిన వానాకాలం ఒక సాయంత్రం. మా ఖాలా కొడుకు తన పాత కారులో అమ్మీని, ఖాలాను ఎక్కించుకుని పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగుతున్నాడు. ముందు పోతున్న ఆటో ఒక్కసారిగా ఆగింది. భాయిజాన్ బ్రేక్ గట్టిగా తొక్కాడు. ముందు చక్రాలు బిగుసుకుపోయి, కారు తడి రోడ్డు మీద సబ్బు ముక్కలా జారింది. స్టీరింగ్ తిప్పినా తిరగలేదు. ఆటోకు జానెడు దూరంలో ఆగింది. అల్‌హమ్దులిల్లాహ్, ఎవరికీ ఏమీ కాలేదు.

కానీ ఆ కారు మీటర్ బోర్డు మీద ఏబీఎస్ అని రాసి ఉన్న పసుపు లైటు అప్పటికి మూడు వారాలుగా వెలుగుతూనే ఉంది. "బ్రేక్ పడుతోంది కదా, ఆ లైటుతో పనేముంది" అని భాయిజాన్ పట్టించుకోలేదు. మర్నాడు అమీర్‌పేటలో ఒక గ్యారేజీకి తీసుకెళ్తే సెన్సర్ మార్చి డబ్బు తీసుకున్నారు. రెండు రోజులకు లైటు మళ్లీ వచ్చింది. ఈసారి "మొత్తం ఏబీఎస్ పంపు పోయింది, 42 వేలు అవుతుంది" అన్నారు. ఇంకో చోట అడిగితే "ఎందుకన్నా అంత ఖర్చు, లైటు పీకేస్తా, మీకే టెన్షన్ ఉండదు" అన్నారు. చివరికి ఒక పెద్ద వయసు ఉస్తాద్ గంటన్నర కూర్చుని అసలు లోపం పట్టుకున్నాడు. అయిన ఖర్చు 2,800 రూపాయలు. పంపు బంగారంలా ఉంది.

నేను చదివింది బీకాం. ఇంజిన్ విప్పడం రాదు. కానీ 42 వేలకు, 2,800కు మధ్య తేడా ఎక్కడ వచ్చిందో తెలుసుకోవాలనిపించింది. ఉస్తాద్ పక్కన కూర్చుని చూసింది, తర్వాత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నా. మన ఇళ్లలో చాలామంది కుర్రాళ్లు ఆక్టేవియా వీఆర్ఎస్, సివిక్, సీడియా లాంటి పాత బండ్లు ముచ్చటపడి సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారు. వాళ్లకు, వాళ్ల బండిలో కూర్చునే ఇంటివాళ్లకు ఇది పనికొస్తుంది.

ఏబీఎస్ చేసే పని ఏంటి?

బ్రేక్ గట్టిగా తొక్కినప్పుడు చక్రం తిరగడం ఆగిపోయి, కారు మాత్రం ముందుకు జారితే దాన్ని వీల్ లాక్ అంటారు. లాక్ అయిన ముందు చక్రానికి దారి మళ్లించే శక్తి ఉండదు. అందుకే ఆ రోజు స్టీరింగ్ తిప్పినా కారు తిరగలేదు. ఏబీఎస్ పని ఈ లాక్‌ను ఆపడమే. ఏ చక్రం బిగుసుకోబోతోందో గమనించి, ఆ చక్రానికి పోయే బ్రేక్ ప్రెషర్‌ను సెకనుకు చాలాసార్లు తగ్గిస్తూ, పెంచుతూ ఉంటుంది. అప్పుడు పెడల్ కింద కాలికి గుర్‌గుర్‌మని తగులుతుంది. ఇది లోపం కాదు, ఏబీఎస్ పని చేస్తోందని గుర్తు.

ఈ ఆలోచన విమానాల నుంచి వచ్చింది. డన్‌లప్ కంపెనీ విమానాల కోసం చేసిన మాక్సారెట్ అనే పరికరాన్ని 1966లో జెన్సెన్ ఎఫ్ఎఫ్ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో పెట్టారు. ఇప్పుడు మనం చూసే ఎలక్ట్రానిక్ ఏబీఎస్‌ను బాష్ కంపెనీ 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌తో మార్కెట్‌లోకి తెచ్చింది. మన దేశంలో కొత్తగా అమ్మే కార్లన్నిటికీ ఇది తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే. అంతకుముందు చాలా మోడళ్లలో ఖరీదైన వేరియంట్లకే ఉండేది. కాబట్టి పాత కారు కొనేటప్పుడు అసలు ఏబీఎస్ ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న.

ఇందులో ఉండే భాగాలు ఐదే. ప్రతి చక్రం దగ్గర ఒక సెన్సర్. ఆ సెన్సర్ ఎదురుగా చక్రంతోపాటు తిరిగే పళ్ల రింగ్. సెన్సర్ నుంచి వచ్చే వైరింగ్. లెక్కలు వేసే మాడ్యూల్. ప్రెషర్‌ను అదుపు చేసే వాల్వులు, పంపు ఉన్న హైడ్రాలిక్ యూనిట్. చాలా కార్లలో ఈ చివరి రెండూ ఒకే ముద్దగా బానెట్ కింద ఉంటాయి. గ్యారేజీల్లో "ఏబీఎస్ పంపు" అనేది దీన్నే.

వీటిలో నీళ్లు, బురద, గుంతల దెబ్బ తినేవి చక్రం దగ్గర ఉండేవి. ఖరీదైనది మాత్రం బానెట్ కింద భద్రంగా ఉండేది. అంటే ఎక్కువగా పాడయ్యేవి తక్కువ ఖరీదు భాగాలు. మైత్రీవనం దగ్గర వాన పడితే రోడ్డు మీద నీళ్లు ఎలా నిలుస్తాయో అమీర్‌పేటవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ నీళ్లలోంచి పోయే కారు సెన్సర్ కప్లర్‌లో తుప్పు పట్టకుండా ఎలా ఉంటుంది? అందుకే వెతకడం చక్రం దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

లైటు ఎప్పుడు వెలుగుతోందో చూడండి

కీ తిప్పగానే ఏబీఎస్ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అది మాడ్యూల్ తనను తాను పరీక్షించుకోవడం. ఇక్కడి నుంచి నాలుగు రకాలుగా జరగొచ్చు.

ఒకటి, లైటు వెలిగి ఆరకుండా అలాగే ఉండటం. కారు కదలకముందే మాడ్యూల్‌కు లోపం కనిపించిందన్నమాట. ఫ్యూజు, రిలే, కరెంటు సప్లై, ఎక్కడో తెగిన వైరు, లేదా మాడ్యూల్ లోపలి జబ్బు కావచ్చు.

రెండు, లైటు ఆరిపోయి, కారు కాస్త దూరం పోయాక మళ్లీ వెలగడం. కారు కదిలినప్పుడు నాలుగు చక్రాల వేగం పోల్చి చూస్తుంది మాడ్యూల్. ఒక చక్రం నుంచి లెక్క రాకపోతే, తేడాగా వస్తే అప్పుడు లైటు వేస్తుంది. చాలా కార్లలో బయల్దేరిన కాసేపటికే పంపును కూడా ఒకసారి తిప్పి చూస్తుంది. కాబట్టి ఇది సెన్సర్ వైపు గానీ, పంపు మోటారు వైపు గానీ చూపిస్తుంది.

మూడు, ఆగబోయే ముందు, నడక వేగంలో, మెల్లగా బ్రేక్ తొక్కినా పెడల్ గుర్‌గుర్‌మనడం. ఒక చక్రం నుంచి వచ్చే సిగ్నల్ మధ్యలో తెగుతోంది. ఆ చక్రం లాక్ అయిందనుకుని ఏబీఎస్ అనవసరంగా పనిచేస్తోంది. పళ్ల రింగ్ పగిలినా, తుప్పు పట్టినా, సెన్సర్‌కు రింగ్‌కు మధ్య ఖాళీ పెరిగినా ఇలాగే ఉంటుంది. మా భాయిజాన్ కారులో లైటు రావడానికి ముందు నెల రోజులుగా ఇదే జరిగింది. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నాలుగు, కీ తిప్పినా లైటు అసలు వెలగకపోవడం. ఇది అన్నిటికంటే అనుమానించాల్సిన విషయం. దీని గురించి చివర్లో చెప్తా.

పసుపు ఏబీఎస్ లైటు ఒక్కటే ఉంటే మామూలు బ్రేకులు సాధారణంగా పనిచేస్తాయి, లాక్ కాకుండా ఆపే శక్తి మాత్రం ఉండదు. కానీ పసుపు లైటుతోపాటు ఎర్ర బ్రేక్ లైటు కూడా వెలిగితే బండిని పక్కకు ఆపేయండి. బ్రేక్ ఆయిల్ తగ్గి ఉండొచ్చు. లేదా ముందు, వెనక చక్రాలకు బ్రేక్ పంచే ఈబీడీ కూడా ఆగి ఉండొచ్చు. అప్పుడు వెనక చక్రాలు ముందే లాక్ అయి కారు అడ్డంగా తిరిగే ప్రమాదం ఉంది. ఆ స్థితిలో ఇంటిదాకా మెల్లగా నడుపుకుంటూ పోదాం అనుకోవద్దు. టోయింగ్ బండి పిలవండి.

రూపాయి ఖర్చు లేని పరీక్షలు

బ్రేక్ ఆయిల్ డబ్బాలో లెవెల్ మినిమమ్, మాక్సిమమ్ గీతల మధ్య ఉందా చూడండి. తగ్గితే పైన పోసి వదిలేయకండి. లీకు అయినా ఉండాలి, బ్రేక్ ప్యాడ్లు అయినా అరిగి ఉండాలి.

బ్యాటరీ చూడండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు ఉంచిన మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు దాదాపు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కరెంటు తగ్గినా ఏబీఎస్ తనను తాను ఆపేసుకుని లైటు వేస్తుంది. చాలా రోజులు నిలబెట్టిన కారును స్టార్ట్ చేసినప్పుడు లైటు వచ్చిందంటే ముందు బ్యాటరీనే అనుమానించండి.

ఫ్యూజులు చూడండి. పంపుకు, వాల్వులకు పెద్ద ఫ్యూజులు వేరుగా ఉంటాయి. మాడ్యూల్‌కు ఇంకో చిన్నది ఉండొచ్చు. ఏది ఎక్కడుందో ఫ్యూజు బాక్స్ మూత మీద ఉంటుంది.

టైర్లు చూడండి. స్పోర్ట్స్ కారు కొన్న కుర్రాళ్లు మొదట మార్చేది అలాయ్ వీల్స్, టైర్లే. ముందు ఒక సైజు, వెనక ఇంకో సైజు, లేదా ఒక పక్క కొత్తది, ఒక పక్క పూర్తిగా అరిగింది వేస్తే చక్రాల వేగంలో తేడా వస్తుంది. తేడా పెరిగితే మాడ్యూల్ దాన్ని లోపం కింద లెక్కేయొచ్చు.

ఇవి కాక, ఈ మధ్య బండికి ఏం పని చేయించారో గుర్తు తెచ్చుకోండి. బేరింగ్, షాకప్, డ్రైవ్ షాఫ్ట్, బ్రేక్ డిస్క్ మార్చాకే లైటు వచ్చిందా? అయితే ఆ చక్రం దగ్గరే మొదలుపెట్టాలి. మా ఉస్తాద్ అడిగిన మొదటి ప్రశ్న ఇదే.

స్కానర్ చెప్పేది, చెప్పనిది

ఆన్‌లైన్‌లో దొరికే చిన్న బ్లూటూత్ స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లనే చదువుతాయి. ఆ కోడ్లు పీ అక్షరంతో మొదలవుతాయి. బ్రేకుల కోడ్లు సీ అక్షరంతో ఉంటాయి. వాటిని చదవాలంటే ఏబీఎస్ మాడ్యూల్‌తో మాట్లాడగల స్కానర్ కావాలి. "స్కాన్ చేశాం, ఏ కోడూ రాలేదు" అని ఎవరైనా అంటే, "ఏబీఎస్ చదివారా, ఇంజిన్ చదివారా" అని అడగండి.

అందరూ వాడే కోడ్లలో సీ0035 అంటే ముందు ఎడమ చక్రం, సీ0040 ముందు కుడి, సీ0045 వెనక ఎడమ, సీ0050 వెనక కుడి. కంపెనీలు సొంత నంబర్లు కూడా వాడతాయి, కాబట్టి మీ కారు పుస్తకం ప్రకారమే అర్థం చూడాలి.

మా కథ మలుపు తిరిగింది ఇక్కడే. కోడ్ చెప్పేది "ముందు కుడి చక్రం సెన్సర్ సర్క్యూట్" అని. "ముందు కుడి సెన్సర్ పోయింది" అని కాదు. సర్క్యూట్ అంటే సెన్సర్, రింగ్, కప్లర్, వైరు, మాడ్యూల్ దాకా మొత్తం దారి. మొదటి గ్యారేజీ కోడ్ చూసింది, సెన్సర్ మార్చింది. లైటు పోకపోతే, సెన్సర్ కొత్తదే కాబట్టి ఇక మాడ్యూలే అనుకుంది. మధ్యలో ఉన్న మూడింటిని ఎవరూ చూడలేదు. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన పని వచ్చినట్టు కాదని మనకు తెలుసు కదా. స్కానర్ కోడ్ కూడా అంతే. ఎక్కడ వెతకాలో చెప్తుంది, ఏం దొరుకుతుందో చెప్పదు.

మంచి స్కానర్‌లో లైవ్ డేటా ఉంటుంది. కారు నడుస్తుంటే నాలుగు చక్రాల వేగం నాలుగు అంకెలుగా కనిపిస్తుంది. ఒకరు నడపాలి, పక్కన ఇంకొకరు చూడాలి. మూడు చక్రాలు 30 చూపిస్తుంటే ఒకటి సున్నా చూపితే తెగిన వైరు, చచ్చిన సెన్సర్ లేదా అసలు లేని రింగ్. ఒకటి 30 నుంచి మధ్యమధ్యలో కిందికి పడి లేస్తుంటే రింగ్ పగులు, తుప్పు లేదా ఊగుతున్న బేరింగ్. మా భాయిజాన్ కారులో ముందు కుడి చక్రం అంకె అలా పడి లేస్తోంది.

మల్టీమీటర్ పని

ఉస్తాద్ అన్న మాట ఇంకా చెవిలో ఉంది: "పైలే తార్ దేఖో, ఫిర్ పార్ట్ దేఖో." ముందు వైరు చూడు, తర్వాతే పార్ట్ చూడు.

కారును జాకీ మీద ఎత్తి, కింద స్టాండ్ పెట్టాకే చెయ్యి పెట్టాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మొద్దు. సెన్సర్ వైరు స్టీరింగ్ తిప్పినప్పుడల్లా వంగుతుంది. అక్కడే లోపల తెగుతుంది, పైన తొడుగు మాత్రం బాగానే ఉంటుంది. స్కానర్ పెట్టి వైరును మెల్లగా కదిపితే అంకె మారుతుందేమో చూడాలి. కప్లర్ విప్పి పచ్చగా తుప్పు పట్టిందా, నీళ్లున్నాయా చూడాలి.

సెన్సర్లు రెండు రకాలు. పాత రకం లోపల తీగ చుట్ట ఉంటుంది, దానికి కరెంటు అక్కర్లేదు. దీన్ని మల్టీమీటర్‌తో ఓమ్‌లలో కొలవొచ్చు. చాలా కార్లలో వెయ్యి ఓమ్‌లకు అటూ ఇటూ ఉంటుంది. అసలు లెక్క కారు పుస్తకంలో చూడాలి, లేదంటే ఎడమ సెన్సర్‌తో కుడిది పోల్చాలి. మీటర్‌ను ఏసీ వోల్టులకు మార్చి చక్రాన్ని చేత్తో తిప్పితే మిల్లీవోల్టులు పెరగాలి.

కొత్త రకం సెన్సర్‌కు మాడ్యూల్ నుంచి కరెంటు రావాలి. దీన్ని ఓమ్‌లలో కొలిచి మంచిదో చెడ్డదో చెప్పలేం. కరెంటు వస్తోందా చూసి, లైవ్ డేటాతో తేల్చాలి. వైర్లు లెక్కపెట్టి రకం కనుక్కోలేం, రెండింటికీ రెండేసి వైర్లు ఉండొచ్చు. ఒక చిన్న గుర్తు ఉంది. పాత రకం చాలా నెమ్మదిగా పోతున్నప్పుడు వేగం చూపించలేదు, కొత్త రకం దాదాపు ఆగేదాకా చూపిస్తుంది.

దొరికిన దొంగ: పళ్ల రింగ్

సెన్సర్ కొత్తది, వైరు మంచిది, కప్లర్ శుభ్రం. అప్పుడు ఉస్తాద్ చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ టార్చ్ వేసి రింగ్ చూశాడు. ఒక చోట వెంట్రుకంత పగులు. రింగ్ కింద డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ మీద తుప్పు ఉబ్బి, రింగ్‌ను లోపలి నుంచి చీల్చింది. పగిలిన చోట రెండు పళ్ల మధ్య ఖాళీ పెద్దదైంది. ప్రతి చుట్టులో ఒకసారి సెన్సర్‌కు ఒక పన్ను ఆలస్యంగా కనిపిస్తుంది. మాడ్యూల్ దాన్ని చక్రం ఆగబోతోంది అనుకుంటుంది.

రింగ్ విడిగా దొరుకుతుంది. పాత దాని పళ్లు లెక్కపెట్టి, అదే లెక్క ఉన్నది తేవాలి. ఒక్క పన్ను తేడా ఉన్నా ఆ చక్రం వేగం తప్పు చూపిస్తుంది. పాత మోడళ్ల సామాను కోసం పుత్లీబౌలి, గోషామహల్ వైపు తిరగాల్సి రావొచ్చు. అక్కడికి పాత రింగ్ పట్టుకునే వెళ్లండి. తుప్పు గీకి శుభ్రం చేసి కొత్త రింగ్ బిగించాడు ఉస్తాద్. కోడ్ చెరిపాడు. నాలుగు చక్రాలూ ఒకే అంకె చూపించాయి.

కొన్ని కార్లలో పళ్ల రింగ్ ఉండదు. బేరింగ్ సీలు మీదే అయస్కాంతపు పట్టీ ఉంటుంది. బేరింగ్ మార్చేటప్పుడు ఆ పక్కను తిరగేసి బిగిస్తే, సుత్తితో కొడితే సిగ్నల్ పోతుంది. బేరింగ్ మార్చిన మర్నాడే లైటు వచ్చిందంటే ఇదే ముందు చూడాలి.

నిజంగానే పంపు పోతే?

పంపు, మాడ్యూల్ అసలు పాడవ్వవని కాదు. ఏళ్ల తరబడి వేడి, కుదుపు తిని మాడ్యూల్ లోపలి టంకాలు పగులుతాయి. మోటారు బొగ్గులు అరుగుతాయి. కానీ ఆ మాట చెప్పేవాళ్లు మూడు విషయాలు చూపించాలి. కోడ్ పంపుదో, వాల్వుదో, మాడ్యూల్‌దో అయి ఉండాలి. యూనిట్ కప్లర్ దగ్గరకు కరెంటు, ఎర్త్ రెండూ సరిగా వస్తున్నాయని కొలిచి చూపాలి. అన్ని చక్రాల సిగ్నల్ మంచిదని తేలాలి. ఈ మూడూ తేలాక కూడా కొత్తది కొనే ముందు, మాడ్యూల్ విప్పి టంకం సరిచేసేవాళ్లను అడగండి. స్క్రాప్ నుంచి తెచ్చినది వేస్తే పార్ట్ నంబర్ కలవాలి, చాలా కార్లలో స్కానర్‌తో కోడింగ్ చేయాలి, బ్రేక్ లైన్లలో గాలి తీయాలి.

ఈ యూనిట్ ఎక్కువ కాలం బతకాలంటే బ్రేక్ ఆయిల్ సమయానికి మార్చాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ కనీస హద్దు 155కు దిగుతుంది. ఆ తేమే సన్నని వాల్వులకు తుప్పు తెస్తుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చే ఖర్చు, పంపు ఖర్చు ముందు ఎంత?

లైటు పీకేస్తానంటే వద్దనండి

"లైటు పీకేస్తా" అన్నవాళ్ల సంగతికి వద్దాం. బల్బు తీస్తారు, లేదా వైరును ఇంకో లైటుకు కలుపుతారు. లోపం అలాగే ఉంటుంది, కనిపించదు. రేపు ఆ కారును ఇంకో కుటుంబం కొంటే వాళ్లకు ఏబీఎస్ ఉందన్న ధైర్యం ఉంటుంది, ఏబీఎస్ ఉండదు. ఐబు దాచి అమ్మకూడదని మన ఇళ్లలో చిన్నప్పటి నుంచి వినే మాటే. దానికి ఇంతకంటే సూటి ఉదాహరణ ఉండదు.

అందుకే పాత కారు కొనేటప్పుడు ఇంజిన్ ఆపి ఉండగానే కూర్చోండి. కీ తిప్పి మీటర్ బోర్డు చూడండి. ఏబీఎస్ లైటు వెలిగి, ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు పీకారేమో అడగండి. ఇంజిన్ లైటు ఆరిన క్షణానే ఇదీ ఆరితే రెండూ కలిపారేమో అనుమానించి, స్కానర్‌తో ఏబీఎస్ మాడ్యూల్ చదివించండి. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం ఎలాగూ ఆర్టీఓ ఆఫీసుకు బండి చూపించాలి. ఆ ఖర్చుల లెక్క వేసేటప్పుడే బ్రేకుల లెక్కా వేసుకోండి.

రిపేరు అయ్యాక పరీక్ష ట్రాఫిక్‌లో చేయొద్దు. ఆదివారం పొద్దున్నే ఖాళీ స్థలంలో, వెనక ఎవరూ లేరని చూసుకుని, 30, 40 వేగంలో గట్టిగా బ్రేక్ తొక్కాలి. పెడల్ గుర్‌గుర్‌మనాలి, స్టీరింగ్ మాట వినాలి. ఇంట్లోవాళ్లను అప్పుడు ఎక్కించుకోవద్దు.

భాయిజాన్ ఆ పరీక్ష చేశాడు. పాత రింగ్‌ను బిల్లుతో కలిపి గ్లౌ బాక్స్‌లో పెట్టుకున్నాడు. మొన్న వానలో ఖాలా కారెక్కే ముందు మీటర్ బోర్డు వైపు వంగి, "ఆ పసుపు లైటు ఆరిందా బేటా?" అని అడిగింది. ఆరిందని చూశాకే సీటు బెల్టు పెట్టుకుంది.